అమ్మిన గిటారు, ఉంచుకొన్న గిటారు

వాద్యమును అమ్మినవారు దాని వెలను మరతురు గాని నాదమును మరువలేరు. ఇది మా అనుభవము. విద్యార్థిదశలో కొన్న గిటారును ఇంటి అవసరమునకై అమ్మివేసితిమి. పిమ్మట రెండు కొంటిమి. మొదటిదాని గొంతు వానిలో వినబడలేదు.

స్పెయిన్ దేశపు విద్వాంసుడు ఆండ్రెస్ సెగోవియా ఈ విషయమున భాగ్యశాలి. యౌవనమున మాడ్రిడ్ కచేరీకై గిటారు అద్దెకు అడుగుటకు ఆయన మాన్యుయెల్ రమీరెజ్ దుకాణమునకు పోయెను. ఆయన వాదనము విని రమీరెజ్ సొమ్ము పుచ్చుకొనకయే 1912లో తయారైన గిటారు నొసగెను. 1924లో మ్యూనిక్ నగరమున హెర్మన్ హౌజర్ దానిని కొలిచి చూచుకొనెను. నాటినుండి హౌజర్ చేసి చూపిన గిటార్లను సెగోవియా పరీక్షించి లోపములు చెప్పుచుండెను. 1937లో చేసినది మనసునకు నచ్చెను. 1962 వరకు దానినే వాయించెను.

క్రొత్తది వచ్చినను పాతదానిని అమ్మలేదు. నేడు రెండును న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియమున చేరియున్నవి.

శ్రోతలారా! మీ ఇంట వాద్యమేదైన మూలబడి యున్నచో, అమ్ముటకు ముందు ఒక్క సాయంకాలము శ్రుతిచేసి వినుడు. మేమా పని చేయలేదు.