పుక్కిటి మందు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)

ఈ సభలో సాహిత్యమును గూర్చి మాటాడుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. పద్యము చదువు నోటిని గూర్చియే మాటాడెదనంటిని. వారు నవ్వి యొప్పుకొనిరి. నేను వైద్యుడను గాను; ఊరి లెక్కలు వ్రాసికొనువాడను. అయినను నేను చెప్పబోవునది పుక్కిటి పురాణము మాత్రము గాదు.

పుక్కిలించుట మనకు క్రొత్తగాదు. వాగ్భటుని అష్టాంగహృదయమున గండూషము, కవళము అని రెండు విధులు గలవు. కదల్ప వీలులేకుండ నోటినిండ ద్రవమును నిలుపుట గండూషము; అటునిటు త్రిప్ప వీలగునంత పోసికొనుట కవళము. అయితే నోటిలో ప్రాణులున్నవని ఆనాడెవరికిని కనబడలేదు. 1683లో హాలండు దేశపు డెల్ఫ్టు నగరమున లీవెన్‌హుక్కు అను బట్టల వర్తకుడు తన పంటిపాచిని తాను చేసికొన్న కటకముతో జూచి, అందు సూక్ష్మప్రాణులు తిరుగుచున్నవని లండనులోని రాయల్ సొసైటీకి వ్రాసెను. వెనిగరుతో పుక్కిలించియు జూచెను. విడివడిన ప్రాణులు దానికి చచ్చెనుగాని దట్టమైన పాచిలోనివి బ్రతికియే యుండెను. తోముట మాని మందును నమ్మువారు ఈ మాటను గమనింతురుగాక.

నేడు దంతవైద్యులు తరచుగా వ్రాసియిచ్చు పుక్కిటి మందు క్లోర్‌హెక్సిడిన్. నూటికి 0.2 పాలు గల ఆ ద్రావకముతో దినమునకు రెండు మారులు పుక్కిలించినచో, తోమకున్నను పాచి పట్టదని 1970లో లో, షియట్ అను పండితులు చూపిరి. మందునకు ధనవిద్యుత్తు, సూక్ష్మజీవి పైపొరకు ఋణవిద్యుత్తు. అందుచే మందు దానికి అంటుకొని, పొరను చెరచి, లోనిసారమును కార్చివేయును. దంతములకును చిగుళ్ళకును అంటి గంటల తరబడి కొంచెము కొంచెముగ వెలువడుచుండుట దాని ఘనత.

మరి మన కణములకును పొర గలదు గదా! ప్రయోగశాలలో గాజుపాత్రలయందు పెంచిన చిగురు కణములపై పోసి చూచినప్పుడు, సీసాలోని దానికంటె ఎంతో పలుచనైన మందు సైతము వానిని చంపుటయో, వాని పెరుగుదలను ఆపుటయో జరిగినది. ఇది విని బెదరిపోనక్కరలేదు. గాజుపాత్రలోని కణము దిక్కులేనిది. మన నోటిలో పొరమీద పొరగా కణములుండును, లాలాజలము మందును పలుచన చేయును, పుక్కిలించుట అర నిమిషమో, ఒక నిమిషమో. కాని కోసినచోట, పన్ను పీకిన గుంటలో ఆ కాపు లేదు. గాయము మాన్పవలసిన కణములే అచ్చట బయటపడియుండును. అట్టిచోట మందు ఎంత బలము, ఎన్ని దినములు అనునది వైద్యుడే నిర్ణయింపవలెను.

ఈ మాట నాకు ఆలస్యముగ తెలిసినది. పన్ను పీకించుకొన్నప్పుడు రెండు వారములకని వ్రాసియిచ్చిన మందును, నోరు శుభ్రముగ నున్నదిగదా యని నాలుగు మాసములు వాడితిని. దంతములు గోధుమవన్నె తిరిగినవి. కూరలో ఉప్పు చాలలేదని దినదినము నా భార్యతో తగవు. ఆమె వేయుచునే యుండెను, నాకు తెలియకనే యుండెను. ఉప్పురుచిని మందగింపజేయుట ఈ మందు గుణములలో నొకటియట!

ఇంకొక సంగతి. ఆకుకూరలలోని నైట్రేటును నాలుకమీది కొన్ని సూక్ష్మజీవులు నైట్రైటుగా మార్చును. దానినుండి రక్తనాళములను సడలించు వాయువు పుట్టును. 2013లో లండనువారు 19 మంది ఆరోగ్యవంతులచే ఏడు దినములు ఈ మందు వాడించి చూడగా రక్తపుపోటు రెండు మూడు అంకెలు పెరిగెను. శిస్తు కట్టినవానిని, ఎగవేసినవానిని ఒకే జాబితాలో జేర్చి ఊరినుండి వెళ్ళగొట్టినట్లున్నది!

మందు వాడవలసివచ్చినవారు తోముకొన్న వెంటనే పుక్కిలింపక అరగంట ఆగవలెను. పేస్టులోని నురుగు పదార్థము దాని బలమును తగ్గించును. మ్రింగరాదు. దద్దురులుగాని, ముఖమున వాపుగాని, ఊపిరాడకపోవుటగాని కలిగినచో తక్షణమే మాని వైద్యునికడకు పోవలెను.

నేను సీసా మానిన కొలదిదినములకు ఉప్పు తెలిసినది. గోధుమ మచ్చలను మాత్రము వైద్యుడు గీకి తీయవలసివచ్చెను. ఇప్పుడు ఇంట కూరలలో ఉప్పు ఎక్కువైనదని నేను, మీరడిగినంతయే వేసితినని ఆమె.