వైరసు పాఠాంతరములు



అచ్చుయంత్రము రాకపూర్వము గ్రంథములు వ్రాయసకాండ్ర చేతులమీదుగా వ్యాపించినవి. చూచి వ్రాయునప్పుడు అక్షరము తప్పుట సహజము. ఆ తప్పు తరువాతి ప్రతులలోనికిని దిగును. కామారెడ్డిలో నొక యింటను, ఎల్లారెడ్డిలో నొక యింటను దొరికిన తాళపత్ర ప్రతులు రెండింటిలో ఒకేచోట ఒకే తప్పు కలదనుకొందము. ఆ రెండింటికిని మాతృక ఒక్కటే యని పండితులు తలంతురు. సి.పి. బ్రౌన్ దొర వేమన పద్యములను, అనేక ప్రతులను పోల్చి చూచియే, 1829లో ప్రకటించెను.

శ్వాసకోశమునకు సోకు వైరసులను శాస్త్రజ్ఞులు చదువు పద్ధతియు నిట్టిదే.

కోవిడు వ్యాధికి మూలమైన కరోనా వైరసు సుమారు 30,000 అక్షరముల గ్రంథము. దాని లిపిలో అక్షరములు నాలుగే. అందు 3,822 అక్షరముల అధ్యాయము, వైరసు పైభాగమున ముళ్ళవలె నిలుచు మాంసకృత్తును గూర్చినది. ఆ ముల్లే మన కణముల తలుపు తెఱచు తాళపుచెవి. మన శరీరము శత్రువును గుర్తుపట్టుటకును ఆ ముల్లే ముఖ్యమైన ఆనవాలు. కావున ఆ యధ్యాయమున ఒక్క యక్షరము మారినను శాస్త్రజ్ఞులు తరచి చూతురు.

వైరసుకు బుద్ధి లేదు, పన్నాగము లేదు. కణములో ప్రతులు పుట్టునప్పుడు తప్పులు దొర్లును. పెక్కు తప్పులవలన ఏమియు కాదు. కొన్ని వైరసుకే చేటు. ఎన్నడో యొకటి వ్యాప్తికి అనుకూలించినచో ఆ ప్రతియే మిగిలినవానిని వెనుకకు నెట్టును. పరిణామమనగా నిదియే.

తెలంగాణములో తొలి రోగి 2020 మార్చి 2న బయల్పడెను. ఆ వేసవిలో హైదరాబాదునందలి కణ, అణుజీవశాస్త్ర పరిశోధన కేంద్రమువారు, అనగా సి.సి.ఎం.బి. వారు, తెలంగాణ, తమిళనాడులలో ప్రబలిన యొక శాఖను గుర్తించిరి. కొలది నెలలలోనే, ముల్లునందు 614వ స్థానమున మార్పుగల వేఱొక శాఖ దానిని మించిపోయెను.

పిదప 440వ స్థానమున మఱియొక మార్పు దక్షిణ రాష్ట్రములలో కానవచ్చెను. ప్రయోగశాలలో పెంచిన కణములందు ఇది అధికముగా వృద్ధిపొందునని యొక పరిశోధన తెలిపెను. 2021 మేలో ఆ మాట ‘ఆంధ్ర రకము’ అను పేర దేశమంతట ప్రాకెను. ఢిల్లీ ప్రభుత్వము ఆంధ్ర, తెలంగాణములనుండి వచ్చువారికి 14 దినముల ఏకాంతవాసము విధించెను. ఒక్క యక్షరపు మార్పు రెండు రాష్ట్రముల ప్రజలను అనుమానితులను చేసినది! అప్పటికే ఆ రకము సన్నగిల్లుచున్నదనియు, డెల్టా రకము దాని చోటు నాక్రమించుచున్నదనియు నమూనాలను చదివిన సి.సి.ఎం.బి. వారు వెల్లడించిరి. గాజుపాత్రలో గెలిచినది జనులమధ్య గెలువలేదు.

కథ అంతటితో ముగియలేదు. 2021 నవంబరు 26న ఒమిక్రాన్ అని పేరుపెట్టబడిన రకపు ముల్లులో ముప్పదికి పైగా మార్పులు కలవు. అందు ఆ 440వ స్థానపు మార్పే మరల కనబడెను! ఒమిక్రాన్ వెనుకటి దక్షిణాది శాఖకు సంతానము కాదు. వేఱొక శాఖయందు అదే తప్పు విడిగా పుట్టినది. ఒకరినొకరు ఎఱుగని వ్రాయసకాండ్రిద్దరు ఒకే మాటకడ తడబడుట లేదా? కావుననే ఒక్క తప్పును చూచి వంశము నిర్ణయింపరాదు. గ్రంథమంతయు చదివి, తప్పులన్నిటిని కలిపి పోల్చవలెను. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రతుల విషయమునను అంతే.

ఈ చదువువలన ప్రయోజనము ప్రత్యక్షము. ఇన్ఫ్లుయెంజా టీకాలో ఏ రకములు చేర్చవలెనో ప్రపంచ ఆరోగ్యసంస్థ ఏటేట రెండుమార్లు సూచించుచున్నది. దేశదేశముల నమూనాలయందలి ఉపరితల మాంసకృత్తుల మార్పులను పరిశీలించుట దానికొక ముఖ్యాధారము.

ఇందు గ్రామస్థుల పాత్రయు కలదు. రోగి దేహమే వైరసునకు వ్రాతశాల. దగ్గునప్పుడు నోటికి గుడ్డ యడ్డము పెట్టుకొన్నను, జ్వరము వచ్చినపుడు సంతకు పోక యింటనున్నను, వృద్ధులకు వైద్యుల సలహాపై టీకా వేయించినను, ఆ మేరకు క్రొత్త ప్రతులు తగ్గును. క్రొత్త రకము వచ్చినదని వినగానే భయపడి ఏ యూరివారినో దూరముంచుట తగదు. ఎన్ని నమూనాలు చదివిరి? జనులమధ్య అది నిజముగా పెరుగుచున్నదా? వ్యాధి తీవ్రత హెచ్చినదా? ఈ మూడు ప్రశ్నలు అడుగవలెను. అట్లడుగ నేర్పుటకే గ్రంథాలయములున్నవి.