మొదటిసారి విద్యారుణం

నీలగిరి కొండరైలు బయలుదేరే మేట్టుపాళయంలోనూ, చుట్టుపక్కల ఊళ్లలోనూ ఇంట్లో తెలుగు, బడిలో తమిళం మాట్లాడే కుటుంబాలున్నాయి. పన్నెండో తరగతి ఫలితాలు రాగానే వారికీ అందరికీ ఉండే బెంగే: ఫీజు ఎట్లా కట్టేది?

అప్పుకన్నా ముందు చూడాల్సింది ఒకటుంది. ఇంట్లో ఇంతవరకు డిగ్రీ చదివినవాళ్లు లేకపోతే మొదటి పట్టభద్రుల సర్టిఫికెట్ తీసుకోవాలి. తమిళనాడు ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ఇంజనీరింగ్ సీటు వస్తే దానితో ట్యూషన్ ఫీజు రాయితీ దొరుకుతుంది. తీసుకోవాల్సిన అప్పూ ఆ మేరకు తగ్గుతుంది.

ఇక బ్యాంకు సంగతి. భారతీయ బ్యాంకుల సంఘం నమూనా విద్యారుణ పథకం ప్రకారం 4 లక్షల రూపాయల దాకా తాకట్టూ వద్దు, చేతి సొమ్మూ వద్దు. 7.5 లక్షల దాకా కూడా ఆస్తి తాకట్టు ఉండదు. తల్లో తండ్రో కలిసి సంతకం చేయాలి. పొలం పట్టా చంకన పెట్టుకొని బ్యాంకుకు పరుగెత్తనక్కర్లేదన్నమాట! అడ్మిషన్ పత్రం, మార్కుల జాబితా, ఆదాయ ధ్రువపత్రం, కాలేజీ ఇచ్చే ఫీజుల పట్టిక మాత్రం ఉండాలి. ఆ పట్టికలో హాస్టలు, పుస్తకాల ఖర్చూ రాయించుకోవాలి, వాటికీ రుణం వస్తుంది.

2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం ఎంపికైన ఉన్నత విద్యాసంస్థలకే వర్తిస్తుంది. కుటుంబ ఆదాయం ఏటా 8 లక్షల లోపైతే, 10 లక్షల దాకా రుణానికి 3 శాతం వడ్డీ రాయితీ.

చదువుకునే కాలంలోనూ, ఆపై ఏడాదీ రుణ వాయిదాలుండవు. వడ్డీ మాత్రం ఆగదు. 5 లక్షలకు 10 శాతమనుకుంటే నెలకు సుమారు 4,170 రూపాయలు. చదువుతుండగానే దాన్ని కడితే వడ్డీరేటు కాస్త తగ్గించే బ్యాంకులున్నాయి, సంతకానికి ముందే అడగాలి.