బజారుకు నియమాలు రాసేదెవరు?

(విద్యార్థులు, ఉద్యోగుల అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

డిగ్రీలో ఎకనామిక్స్ చదివిన వాళ్లకు రెండు గీతలు యాదికుంటాయి. ఒకటి డిమాండ్, ఇంకొకటి సప్లయి. అవి కలిసిన చోట ధర తేలుతుంది. అందులో అబద్ధం లేదు. కానీ ఆ బొమ్మలో కోర్టు లేదు, పోలీసు స్టేషన్ లేదు, పట్టా కాగితం లేదు, అప్పిచ్చిన సేటు లేడు, కులం లేదు. ఇవేవీ లేని బజారు ఎక్కడైనా ఉందా? సంస్థాగత అర్థశాస్త్రం ఈ ప్రశ్న దగ్గరే మొదలవుతుంది.

ఇక్కడ సంస్థ అంటే ఆఫీసు కాదు, బిల్డింగు కాదు. మనుషుల మధ్య వ్యవహారాన్ని నడిపే నియమం. అది చట్టం కావచ్చు, ఆచారం కావచ్చు, అలవాటు కావచ్చు.

అమెరికాలో థార్‌స్టీన్ వెబ్లెన్ 1898లోనే ప్రధాన స్రవంతి అర్థశాస్త్రాన్ని నిలదీశాడు. మనిషి ఉత్త లాభనష్టాల లెక్కలు వేసే యంత్రమా, అతని కోరికలను సమాజం తయారు చేయదా అని అడిగాడు. జాన్ కామన్స్ విస్కాన్సిన్ రాష్ట్రంలో కార్మికుల నష్టపరిహార చట్టం రూపకల్పనలో పాలుపంచుకున్నాడు. ఆ చట్టం 1911లో వచ్చింది. మిషన్‌లో పడి చెయ్యి పోతే ఆ నష్టం కార్మికుడిదా, యజమానిదా? దీన్ని తేల్చేది ధర కాదు, నియమం. నియమం మారితే లాభం లెక్క కూడా మారుతుంది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత గణిత సూత్రాల జోరులో ఈ పాయ వెనకబడింది. మళ్లీ ఇంకో దారిలో వచ్చింది. బజారే అన్నీ చక్కబెట్టేటట్లయితే కంపెనీలు ఎందుకున్నాయని రొనాల్డ్ కోస్ 1937లో అడిగాడు. బేరం కుదుర్చుకోవడానికి, ఒప్పందం అమలు చేయించుకోవడానికీ ఖర్చవుతుంది కాబట్టి అన్నది జవాబు. కోస్‌కు 1991లో, డగ్లస్ నార్త్‌కు 1993లో, విలియమ్సన్, ఎలినార్ ఆస్ట్రమ్‌లకు 2009లో, ఎసెమోగ్లు, జాన్సన్, రాబిన్సన్‌లకు 2024లో నోబెల్ వచ్చింది. ఒకప్పుడు గడప బయట నిలబెట్టిన ప్రశ్నకు ఇప్పుడు పీట వేశారు.

సంతోషమే. కానీ ఒక చిక్కుంది. కొత్త వాదంలో చాలా భాగం, నియమాలున్నది ఖర్చు తగ్గించడానికే అంటుంది. ఎవరి ఖర్చు? బలమున్న వాళ్లు తమకు అనువైన నియమాలే రాసుకుంటారని నార్త్ కూడా 1990 నాటి తన పుస్తకంలో ఒప్పుకున్నాడు. ఆ మాట పాఠ్యపుస్తకం దాకా వచ్చేసరికి పలచబడింది.

మనకు తెలిసిన నేల మీద ఒక ఉదాహరణ చూడండి. రాబర్ట్ వేడ్ కర్నూలు జిల్లా పల్లెలు తిరిగి 1988లో పుస్తకం రాశాడు. ఉమ్మడి వనరు ఉంటే సర్కారు పట్టుకోవాలి, లేదా ప్రైవేటుకు ఇవ్వాలి అన్నది అప్పటికి పాతుకుపోయిన వాదం. కానీ కాలువ చివరన, నీళ్లకు కటకట ఉన్న ఊళ్లలో రైతులే కూడి నీళ్లు పారించే మనుషులను పెట్టుకున్నారు, ఉమ్మడి నిధి నడిపారు. కాలువ మొదట్లో, నీళ్లకు ఢోకా లేని ఊళ్లలో ఆ కట్టుబాటు అంతగా కనబడలేదు. ఇట్లాంటి అనుభవాలనే ఆస్ట్రమ్ దేశదేశాల నుంచి పోగుచేసింది. అయితే ఆ ఊళ్లలోనూ పెద్ద రైతుల మాటే ఎక్కువ చెల్లిందని మరువరాదు.

కాబట్టి మిత్రులారా, రేపు ఎవరైనా “ఇది మార్కెట్ తీర్పు” అంటే తల ఊపకండి. ఆ మార్కెట్‌కు నియమం రాసిందెవరు, దాని బరువు మోస్తున్నదెవరు అని అడగండి. విద్యార్థులు పరీక్ష కోసం గీతలు గీయండి, కానీ గీత కింద ఉన్న నేలను కూడా చదవండి. ఉద్యోగులు ఫైళ్ల మధ్య రోజూ నియమాలతోనే బతుకుతారు. ఏ నియమం ఎవరి కోసం నడుస్తుందో మీకన్నా బాగా తెలిసిన వాళ్లు లేరు. ఆ తెలివిడి కూడా అర్థశాస్త్రమే.