పాకం కుదిరేదాకా
(అనకాపల్లిలో జరిగిన మాతృమూర్తుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

ధైర్యం గురించి నాలుగు మాటలు చెప్పమని పెద్దలు ఆదేశించారు. గ్రంథాలలో చదివిన ధైర్యం కంటే మా అమ్మ వద్ద చూసిన ధైర్యమే నాకు బాగా తెలుసు. దానినే మనవి చేస్తాను.

మాది బెల్లం వండే కుటుంబం. ఒక సంక్రాంతినాడు అమ్మ చేతికి రొమ్ములో చిన్న గడ్డ తగిలింది. నొప్పి లేదు. చెరకు ఆడే రోజులు, ఊపిరి సలపని పని. మగవారితో చెప్పుకోవడానికి సిగ్గు, నాతో చెబితే బెంగపెట్టుకుంటానని సంకోచం. కొత్త అమావాస్య జాతర దాటేదాకా ఎవరికీ చెప్పలేదు. అమ్మవారికి మాత్రం రోజూ మొక్కుకొనేదట.

ఉగాది మరునాడు నన్ను గదిలోకి పిలిచి, తలుపు చేరవేసి, "నాకు భయంగా ఉందే తల్లీ" అన్నది. ఆమె నోట ఆ మాట వినడం నాకదే మొదటిసారి. అమ్మ ధైర్యం సడలిందనుకున్నాను. ఆమె జీవితంలో ధైర్యంగా పలికిన మాట అదేనని తరువాత తెలిసింది.

పోతనగారి భాగవతంలోని గజేంద్రుడు మహాబలశాలి. శక్తి ఉన్నంతకాలం మకరితో పోరాడాడు. ఇక తనవల్ల కాదని తెలిసినప్పుడు ఎలుగెత్తి పిలిచాడు. సహాయం కోరడం ఓటమి అయితే ఆ కథను మనం ఇంత భక్తితో ఎందుకు చెప్పుకుంటాం?

శస్త్రచికిత్స జరిగింది. తరువాత కీమోథెరపీ. జుట్టు రాలుతుంటే దువ్వెన నా చేతికిచ్చి, "సింహాద్రి అప్పన్నకు తలనీలాలు ఇచ్చాననుకో" అని నవ్వింది. ఆ రాత్రే గోడవైపు తిరిగి ఏడ్చింది. మూడవ విడత తరువాత వాంతులు, నోటిపూత. చూడలేక, "ఇక చాలమ్మా, మానేద్దాం" అన్నది నేనే. అమ్మ ఒప్పుకోలేదు. "పెనం మీద రసం పోసి, సగంలో మంట తీసేస్తే అది రసమూ కాదు, బెల్లమూ కాదు. పాకం కుదిరేదాకా కూర్చోవాలి" అన్నది. అన్ని విడతలూ పూర్తిచేసింది.

మరుసటి ఏటి జాతరలో, తలపై కొంగు కప్పుకొని వరుసలో నిలబడి, పక్కనున్న స్త్రీలతో మెల్లగా చెప్పేది: "గడ్డ తగిలితే దాచకమ్మా. నేను మూడు నెలలు దాచాను. తప్పు చేశాను." తన పొరపాటును ముక్కూమొహం తెలియనివారికి చెప్పడానికి ఎంత గుండె నిబ్బరం కావాలి!

ఒకరి బాధ పదిమందికి నీడ కావడం మన తెలుగునేల ఎరిగినదే. నందమూరి తారక రామారావుగారి సతీమణి బసవతారకంగారిని క్యాన్సర్ బలిగొన్నది. ఆమె పేరిట హైదరాబాదులో 2000లో ప్రారంభమైన ఆసుపత్రి నేటికీ ఎందరో రోగులకు ఆశ్రయమిస్తున్నది. మనకు మరింత చేరువగా, అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. రొమ్ము క్యాన్సర్ గడ్డ తొలిదశలో తరచుగా నొప్పి పెట్టదు. నొప్పి లేదు కదా అని ఊరుకోరాదు. త్వరగా గుర్తిస్తే నయమయ్యే అవకాశం ఎంతో ఎక్కువ.

అమ్మ మరి ఆరేళ్లు మాతో ఉండి, అమ్మవారి సన్నిధికి చేరుకున్నది. రెండేళ్ల క్రితం నా చేతికీ ఒక గడ్డ తగిలింది. ఆ రాత్రి నిద్రపట్టలేదు. తెల్లవారగానే ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి, "నాకు భయంగా ఉంది" అని చెప్పి, వైద్యుని వద్దకు బయలుదేరాను. అది ప్రమాదకరమైనది కాదని పరీక్షలో తేలింది. కాకపోయినా పెనం దగ్గరినుంచి లేచేదాన్ని కాను.

తల్లులారా, అమ్మవారి ఎదుట దాచని బాధను ఇంటివారి ఎదుట, వైద్యుని ఎదుట దాచకండి. మొక్కుకోండి, పరీక్షా చేయించుకోండి. మొక్కు తీర్చుకోవడానికి మళ్లీ అందరం ఇక్కడే కలుసుకుందాం. అమ్మవారి కరుణ మీ అందరిపై ఉండుగాక.