కుక్క కాలు తీసేముందు ఏ పరీక్షలు చేయించాలి?

మన మడికొండలో పెద్ద జాతి కుక్కలు, అంటే ల్యాబ్రడార్, రాట్‌వీలర్ లాంటివి పెంచేవాళ్లకి ఈ మాట. కుక్క కుంటితే మెట్టుగుట్ట ఎక్కి కాలు బెణికిందిలే అనుకుంటాం. నొప్పి మాత్రతో నాలుగు రోజులు బాగుంటది, మళ్లీ కుంటుడే. భుజం దగ్గరో, ముందుకాలి మణికట్టు పైనో, వెనక మోకాలి చుట్టూనో గట్టి వాపుంటే ఆగొద్దు, ఎక్స్‌రే తీయించండి. అది ఆస్టియోసార్కోమా, అంటే ఎముక క్యాన్సర్ కావచ్చు.

ఎక్స్‌రేలో ఎముక చెదలు తిన్న కర్రలా కనిపిస్తది. ఎముకకి ఫంగస్ పట్టినా దాదాపు అట్లనే ఉండొచ్చు! అందుకే ముందు సన్నసూదితో కణాలు తీసి మైక్రోస్కోప్ కింద చూస్తారు. తేలకపోతే మత్తిచ్చి చిన్న ఎముక ముక్క తీస్తారు. అది గడ్డ మధ్యలోంచి రావాలి. అంచున తీస్తే చుట్టూ కొత్తగా పెరిగిన మామూలు ఎముకే దొరకొచ్చు, రిపోర్టు తప్పుదోవ పట్టిస్తది.

ఛాతీకి కూడా ఎక్స్‌రే, మూడు వైపుల నుంచి. ఊపిరితిత్తుల్లో మచ్చలుంటే కాలు తీయాలా వద్దా అన్నదే మారిపోవచ్చు. ఏమీ కనిపించకపోయినా, ఈ జబ్బు తేలేసరికి కణాలు చాలావరకు పాకే ఉంటాయి. కీమో సంగతి కూడా ఆపరేషన్‌కి ముందే డాక్టర్‌ని అడగండి. మామునూరులో వెటర్నరీ కాలేజీ ఉంది, ఏ పరీక్షలు దొరుకుతాయో కనుక్కుని, పాత ఫిల్ములు పట్టుకుని వెళ్లండి.