తల్లియు, కొడుకును, రైలుకూతయు: ‘అపరాజితో’ చిత్రము

కొడుకు పెద్దవాడగుట యన్న నేమి? ఏండ్లు నిండుట మాత్రమే కాదు. ఇంటిపట్టున నున్నంత కాలము తల్లికి తెలియని మాట కొడుకు నోట నుండదు. బడిలో చేరిన పిమ్మట తల్లికి తెలియని మాటలు నేర్చును. పట్టణము చేరిన పిమ్మట తెలిసిన మాటలు గూడ తల్లికి చెప్పుట మానును. ఈ మూడవ మెట్టు కడ ప్రతి కుటుంబములోను ఒక పెనుగులాట జరుగును. అందు గొంతులు పైకి లేవవు, ఇరుగుపొరుగువారికి వినబడదు, పెద్దమనుషులు వచ్చి తీర్పు చెప్పుటకు అది తగవును కాదు. చప్పుడు లేని ఈ పెనుగులాటను మన దేశపు చలనచిత్రములలో మిక్కిలి నిజాయితీతో చూపినది సత్యజిత్ రాయ్ 1956లో తీసిన బెంగాలీ చిత్రము ‘అపరాజితో’ యని మా యభిప్రాయము. ఆ చిత్రమును గూర్చి నాలుగు మాటలు మనవి చేయుదుము.

బిభూతిభూషణ్ బందోపాధ్యాయ వ్రాసిన ‘పథేర్ పాంచాలీ’ 1929లోను, ‘అపరాజితో’ 1932లోను పుస్తకరూపమున వెలువడెను. మొదటి నవలను ఆధారము చేసికొని రాయ్ 1955లో తన తొలి చిత్రమును నిర్మించెను. మొదటి నవల కడపటి భాగమును, రెండవ నవల తొలి భాగమును కూర్చి అల్లిన కథ ఈ రెండవ చిత్రము. 1959లో వచ్చిన ‘అపూర్ సంసార్’ మూడవది. మూడింటికిని నాయకుడు అపు అను పిల్లవాడే. శరత్ బాబు నవలలను అనువాదములలో చదివి, 1953లో ‘దేవదాసు’ను తెరపై చూచి కంటనీరు పెట్టిన తెలుగువారికి బెంగాలీ కుటుంబ కథ పరాయిది కాదు. ఐతే ‘దేవదాసు’లో ప్రేమకు అడ్డు నిలిచిన తండ్రి యున్నాడు, మన కోపము ఆయనపై చూపవచ్చును. ‘అపరాజితో’లో కోపము చూపుటకు ఎవరును లేరు. తల్లి మంచిది, కొడుకు మంచివాడు. ఐనను ఇద్దరి నడుమ దూరము దినదినము పెరుగుచుండును. ఈ చిత్రమందలి దుఃఖమంతయు ఇందులోనే యున్నది.

కథ 1920 ప్రాంతమున కాశీలో ఆరంభమగును. పల్లె విడిచి వచ్చిన హరిహరుడు గంగ యొడ్డున పురాణము చదివి కుటుంబమును పోషించుచుండెను. భార్య సర్వజయ చీకటి గదిలో వంట చేసికొనుచుండ, పదియేండ్ల అపు సందుగొందులలో, మెట్లపై, కోతుల నడుమ తిరుగుచు లోకమును చూచుచుండెను. దీపావళినాటికి హరిహరునకు జ్వరము తగిలెను. ఒక తెల్లవారుజామున అపు పరుగున తెచ్చిన గంగాజలము గొంతు దిగుచుండగనే ఆయన ప్రాణము పోయెను. ఆ క్షణమున గట్టుమీది పావురములన్నియు ఒక్కసారిగా ఆకాశమున కెగిరెను. ఆ దృశ్యమును చూచినవారు మరువలేరు.

తరువాత సర్వజయ ఒక సంపన్నుల యింట వంటకు కుదిరెను. వారు ఆమెను బాధింపలేదు. కాని ఒకనాడు తన కొడుకు యజమానికి హుక్కా యమర్చుచుండుట ఆమె మెట్లపై నుండి చూచెను. ఏడ్వలేదు; ఎవరితోను ఒక్క మాట యనలేదు. ఆ చూపుతోనే నిర్ణయము జరిగిపోయెను. వృద్ధుడైన బంధువు భవతారణుని వెంట ఆమె కొడుకుతో బెంగాలులోని మనసాపోత యను పల్లె చేరెను. కొడుకు సేవకుడు కాకూడదని కాశీ విడిచిన తల్లి, ఆ కొడుకు పల్లెలో పురోహితుడై తన కండ్లయెదుట నుండునని ఆశపడెను. ఆ యాశలో తప్పేమున్నది? కుమార్తె దుర్గను వెనుకటి యూరిలోనే పోగొట్టుకొన్నది. భర్తను కాశీలో పోగొట్టుకొన్నది. మిగిలినవాడు ఒక్కడు.

అపు పూజలు చేయుట నేర్చెను. కాని పలకా పుస్తకము పట్టి పోవు పిల్లలను చూచి వారి వెంట పరుగెత్తెను. ఆ రాత్రి బడికి పోవుదునని తల్లి నడిగెను. ఉదయము పూజ, పిమ్మట చదువు అను ఒప్పందముపై ఆమె సమ్మతించెను. తల్లి తన చేతితోనే తలుపు తెరచినది. ఇక ఆ తలుపు మూయుట ఎవరి తరమును కాదు. ప్రధానోపాధ్యాయుడు ఇచ్చిన పుస్తకములు చదివి పిల్లవాడు ఒకనాడు ఆఫ్రికా వాసివలె వేషము కట్టి కేకలు వేయుచు పొలములలో పరుగెత్తెను. ఇంకొకనాడు నీడగడియారము చేసి తల్లికి చూపెను. ఆమె కొడుకు మాటలలో సగము గ్రహింపలేదు. కాని వాని ముఖములోని వెలుగును సంపూర్ణముగా గ్రహించెను. చదువురాని తల్లులకు చదువు అర్థమగుట ఈ విధముగనే.

బడి చదువు ముగిసెను. అపు జిల్లాలో రెండవవాడుగా నెగ్గి, నెలకు పది రూపాయల విద్యార్థివేతనము పొందెను. చేతిలో ఒక చిన్న భూగోళముతో ఇల్లు చేరి, కలకత్తాకు పోయి చదువుకొందు ననెను. ఇక్కడనే తొలి ఘర్షణము. పౌరోహిత్యము మాట యేమని తల్లి యడిగెను. తన్ను చూచుకొనువా రెవరని యడిగెను. కొడుకు ఎదురాడెను. ఆమె చెంపపై కొట్టెను. మరుక్షణముననే పశ్చాత్తాపము. వెలుపలికి పోయిన కొడుకును బుజ్జగించి లోనికి తెచ్చి, తాను దాచుకొన్న సొమ్ము తీసి చూపెను. పోవలదన్న చేయియే పోవుటకు దారి చేసెను. మన దేశమున ఎన్ని ఇండ్లలో ఈ సన్నివేశము జరుగలేదు! పెట్టె సర్దుచు ఊరుగాయ జాడీ అడుగున తన భయమును గూడ మూటగట్టిన తల్లులు ఎందరు లేరు! చిత్రమున భూగోళము కొడుకు చేతిలో నున్నది. తల్లి లోకము వాకిలి దాటదు. రాయ్ ఈ మాట ఎవరిచేతను చెప్పింపలేదు. ఆ వస్తువును చేతిలో పెట్టి ఊరకుండెను.

కలకత్తాలో అపు ముద్రణాలయములో పని చేయుచు దాని పైగదిలో నివసించెను. విద్యుద్దీపపు మీట నొక్కి వెలుగును చూచి ఆశ్చర్యపడెను. రాత్రి పని వలని అలసటచే పగలు తరగతిలో కునికిపాట్లు పడి ఉపన్యాసకునిచేత వెలుపలికి పంపబడెను. ఐనను వానికి దుఃఖము లేదు. వాని యెదుట మహానగర మున్నది.

సెలవులకు ఇల్లు చేరినప్పటి ఘట్టమే చిత్రమునకు ప్రాణము. తల్లి వడ్డించును, కొడుకు తినును. తల్లి ప్రశ్నించును, కొడుకు ఒక్కొక్క మాటలో బదులు చెప్పును. రాత్రి అతడు పుస్తకము చేతబట్టి పరుండియుండ, తల్లి కుట్టుపనితో చేరువనే కూర్చుండి మనసులోని మాట మెల్లగా విప్పెను: నీవు చదివి సంపాదించిన నాడు నాతో కాపురముందువా, నేను జబ్బుపడిన నాకు వైద్యము చేయింతువా యని. బదులు రాలేదు. తిరిగి చూచునప్పటికి కొడుకు నిద్రించుచుండెను. ఆ ప్రశ్న ఆ గదిలో అట్లే నిలిచిపోయెను. అతడు కావలెనని నిద్రింపలేదు. అలసిన పిల్లవాని కన్నులు మూతపడినవి, అంతే. కుటుంబములలోని గొప్ప క్రౌర్యములు అనేకము ఇట్లే, ఎవరును చేయకయే జరిగిపోవును.

తెల్లవారి రైలున కందవలెను. తన్ను సకాలమున లేపలేదని కొడుకు తల్లిపై విసుగుకొని, పెట్టె పట్టుకొని వడివడిగా పోయెను. స్టేషనులో కూర్చుండెను. రైలు వచ్చెను. అతడు ఎక్కక వెనుదిరిగెను. ఇల్లు చేరి రైలు తప్పిపోయినదని అబద్ధమాడెను. తల్లి ముఖము వికసించెను. ప్రేమను మాటలలో చెప్పుట కొడుకునకు చేతకాలేదు; ఒక అబద్ధముతో చెప్పెను. చిత్రమంతటను వీరిద్దరు నిండుగా కలిసిన క్షణము బహుశః ఇదియొక్కటే. దాని వెల ఒక్క దినము.

అటుపై దూరము పెరిగెను. పరీక్షలని వ్రాసి అపు సెలవులకు రాలేదు. మనియార్డరుగా కొద్ది సొమ్ము పంపి తల్లిని సమాధానపరచితినని స్నేహితునితో తేలికగా చెప్పెను. సర్వజయ జబ్బుపడెను, కొడుకునకు తెలుపుదునని పొరుగింటామె యనగా, చదువు చెడునని వారించెను. ప్రతి సాయంకాలము చెట్టు కానుకొని కూర్చుండి పొలముల కావల పోవు రైలును చూచుచుండెను. ఒక రాత్రి కొడుకు పిలుపు విన్నట్లు తోచి గోడ పట్టుకొని వాకిటికి వచ్చెను. కొలని మీద మిణుగురులు తప్ప ఎవరును లేరు. జాబు అందిన అపు పరుగున వచ్చునప్పటికి ఇల్లు ఖాళీగా నుండెను.

శ్రోతలు ఈ చిత్రమును చూచునప్పుడు కన్నులతోపాటు చెవులను గూడ తెరచి యుంచవలెనని మా మనవి. రైలుకూత మొదటి చిత్రము నుండియు వినవచ్చుచున్నది. అందు అక్కాతమ్ములు తెల్లని రెల్లుపూల నడుమ పరుగెత్తి రైలును చూచిరి. అది వారికి అద్భుతము. ‘అపరాజితో’లో అదే కూత కొడుకునకు పిలుపు, తల్లికి వేచియుండుట. ధ్వని ఒక్కటే, వినువారి వయస్సును బట్టి అర్థము మారినది. సంగీతము కూర్చిన రవిశంకర్ ఎక్కడను దుఃఖమును ఎగదోయలేదు. సర్వజయ పాత్రధారిణి కరుణా బెనర్జీ కన్నీటికంటె నిట్టూర్పునకే ఎక్కువ పని కల్పించెను. పెద్దయిన అపుగా స్మరణ్ ఘోషాల్ నటించెను. ఛాయాగ్రాహకుడు సుబ్రతా మిత్రా చేసిన యుక్తి యొకటి చెప్పదగినది. కాశీలోని యింటిని కలకత్తా స్టూడియోలో కట్టిరి. అట్టి యింటి లోపలి ముంగిలిలో పైనుండి దిగు వెలుతురు మెత్తగా, నీడలు లేక యుండును. స్టూడియో దీపములు నేరుగా వేసిన ఆ మెత్తదనము రాదు. కావున ఆయన పైన తెల్లని వస్త్రము కట్టించి, దీపములను దానిపైకి త్రిప్పి, తిరిగి పడిన కాంతిలో చిత్రించెను. కాశీ యింటిలోని వెలుతురు నిజమైనదే యని ప్రేక్షకుడు నమ్ముట కిదియే కారణము.

విడుదలైనపుడు కలకత్తా ప్రేక్షకులు ఈ చిత్రము నాదరింపలేదు. 1957లో వెనిస్ చలనచిత్రోత్సవమున దీనికి అత్యున్నత బహుమానమైన స్వర్ణసింహము లభించెను. అచ్చటివారు మెచ్చినదానిని ఇచ్చటివా రేల మెచ్చకపోయిరి? తల్లిని మరచు కొడుకు తెరపై కనబడుట మనకు రుచింపదు. ఐనచో వానిని దుర్మార్గునిగా చూపి చివరకు తల్లి పాదములపై పడవేయవలెను. రాయ్ ఆ రెండును చేయలేదు. మూల నవలలో ఇంకను కఠినమైన సత్యమున్నది: తల్లి మరణవార్త విన్న అపునకు దుఃఖమునకు ముందు, బంధము తెగిన విడుదల వంటి భావము ఒక క్షణము కలిగినదని బిభూతిభూషణ్ వ్రాసెను. ఆ సాహసమే తన్ను ఈ కథవైపు లాగినదని రాయ్ చెప్పియుండెను. మన మనస్సులలో ఇట్టి క్షణములు లేవని ప్రమాణము చేయగలవా రెందరు? అద్దమును చూచి ముఖము త్రిప్పుకొనుట సహజమే. అద్దమును తప్పుపట్టుట న్యాయము కాదు.

1993లో లండనులో జరిగిన అగ్నిప్రమాదమున ఈ మూడు చిత్రముల మూల ప్రతులు కాలిపోయి చాల చెడినవి. మిగిలిన భాగములను ఓర్పుతో బాగుచేసి, లోపించినవానిని ఇతర ప్రతుల నుండి పూరించి 2015లో తిరిగి ప్రదర్శించిరి. కావున నేటి ప్రేక్షకులకు గూడ ఈ చిత్రము మునుపటి స్వచ్ఛతతో చూడ వీలైనది.

‘అపరాజితో’ యనగా ఓటమి నెరుగనివాడని యర్థము. పేరు కొడుకునకు పెట్టినదే. చివర పౌరోహిత్యము చేసికొని పల్లెలో నిలువుమని వృద్ధుడు చెప్పగా అపు అంగీకరింపలేదు. పరీక్ష యున్నదనియు, తల్లి కర్మలు కలకత్తాలోనే కాళీఘాట్‌లో జరుపుదు ననియు చెప్పి మూట భుజమున వేసికొని నడచిపోయెను. కాని ఆ బిరుదము తల్లికి గూడ చెల్లునని మేము తలతుము. కొడుకును పట్టియుంచుటకు ఆమె చేతిలో ఆయుధములు లేకపోలేదు: కన్నీరున్నది, జబ్బున్నది, ఒంటరితన మున్నది. ఒక్క జాబుతో వానిని వెనుకకు రప్పింపగలిగి యుండెను. ఆ జాబు వ్రాయింపలేదు. ఆమె మౌనము గొప్పది. ఐనను అందరు తల్లులు అట్లే మౌనముగా నుండవలెనని మేము చెప్పము. ఆ మౌనము వలన ఆమె కొడుకును కడసారి చూడలేదు. కొడుకునకు తల్లి సేవ దక్కలేదు.

పట్టణములలో చదువుకొను పిల్లలున్న ఇంట ఈ చిత్రమును తల్లిదండ్రులును పిల్లలును ఒకచోట కూర్చుండి చూడదగును. చూచిన పిమ్మట ఎవరు ఎవరికిని నీతి చెప్పనక్కరలేదు. జబ్బు సంగతి దాచక వ్రాయుటకు తల్లియు, ఒక్క దినము ఆగి రైలు తప్పించుకొనుటకు కొడుకును నేర్చినచో చాలును.